జ్వరం సంగతి చెబితే కీమో ఆపేస్తారేమో!

సిస్టర్‌ని అడగండి

కీమో డే కేర్ వార్డులో 27 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. ఈ శీర్షిక మొదలుపెట్టినప్పుడు జుట్టు రాలడం గురించీ వాంతుల గురించీ అడుగుతారనుకున్నాను. అడిగారు కూడా. కానీ వాటికంటే ఎక్కువగా వచ్చినవి ‘ఇన్ఫెక్షన్’ అనే ఒక్క మాట చుట్టూ తిరిగే ఉత్తరాలు. ఈ నెల వాటినే ముందేసుకుని కూర్చున్నాను. పొడుగ్గా ఉన్నవాటిని కుదించాను, మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. మందుల మోతాదులు మాత్రం నన్ను అడగొద్దు. అవి మీ ఆంకాలజిస్ట్ చూసుకోవాల్సినవి.

సిస్టర్ గారూ, మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. రెండో కీమో అయి పది రోజులైంది. ఇన్ఫెక్షన్ రాకూడదని ఆమెను ఒక గదిలో ఉంచి తలుపు వేసేశాం. పిల్లల్ని రానివ్వడం లేదు. పండ్లు మానేశాం, ప్రతిదీ మెత్తగా ఉడికించే పెడుతున్నాం. గదిని రోజుకు మూడుసార్లు ఫినాయిల్‌తో తుడుస్తున్నాం. ఆమె తిండి తగ్గించేసింది. నన్ను జైల్లో పెట్టారని ఏడుస్తోంది. మేం చేస్తున్నది సరైనదేనా? — ఒక కూతురు

సగం సరైనదేనమ్మా. మిగతా సగం ప్రేమ కొద్దీ చేసింది కాబట్టి కోప్పడను. కానీ మీ ఉత్తరం మూడు పేజీలు. ఫినాయిల్ మాట నాలుగుసార్లు ఉంది, థర్మామీటర్ మాట ఒక్కసారి కూడా లేదు. ఇంట్లో ఉందా? లేకపోతే ఈ జవాబు తరువాత చదువుదురుగాని, ముందు వెళ్లి కొనుక్కురండి.

కీమో మందు గబగబా పెరిగే కణాలను చంపుతుంది. క్యాన్సర్ కణం ఒక్కటే కాదు, ఎముకల్లోని మూలుగ కూడా గబగబా పనిచేసేదే. సూక్ష్మక్రిములను మింగేసే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తయారయ్యేది అక్కడే. రక్తంలోకి వచ్చాక వాటి ఆయుష్షు బాగా తక్కువ, కొత్తవి వస్తూ ఉండాలి. కీమో పడ్డాక కొన్నాళ్లు కొత్తవి రావు. చాలా రకాల కీమోల్లో కౌంట్ అట్టడుక్కి దిగేది 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య. రిపోర్టులో ఏఎన్‌సీ అని ఉంటుంది, అంటే న్యూట్రోఫిల్స్ లెక్క, చూడండి. మైక్రోలీటరు రక్తంలో 1500 కంటే తక్కువుంటే తగ్గినట్టు, 500 కంటే తక్కువుంటే బాగా జాగ్రత్తపడాల్సినట్టు. మీ అమ్మ పదో రోజులో ఉన్నారు. అంటే మీ భయం వేళకే వచ్చింది, కాకపోతే గుమ్మం వైపు చూస్తోంది.

కౌంట్ పడిపోయినప్పుడు వచ్చే ఇన్ఫెక్షన్లలో చాలావాటికి కారణం ఎక్కడినుంచో వచ్చిన క్రిములు కాదు. మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద ఎప్పటినుంచో ఉంటున్నవే. నోటి లోపలి పొర, పేగు లోపలి పొర కూడా గబగబా పెరిగేవే కాబట్టి కీమో వాటినీ దెబ్బతీస్తుంది. పుళ్లు పడతాయి. ఆ సందుల్లోంచి ఇన్నాళ్లూ బుద్ధిగా ఉన్న బ్యాక్టీరియా రక్తంలోకి దిగుతుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. మీరేమో వీధి తలుపుకు గడియ పెట్టి కూర్చున్నారు.

అందుకని నోరు చూడండి. మెత్తటి బ్రష్, తిన్న ప్రతిసారీ ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో పుక్కిలింత. ఆల్కహాల్ ఉండే మౌత్‌వాష్ వద్దు, మంటకు మంట తోడవుతుంది. మలబద్ధకం ఉంటే ఫోన్ చేసి మందు అడగండి. ఎనిమా, మలద్వారంలో పెట్టే మందులు సొంతంగా వాడొద్దు, అక్కడ చిన్న గీత పడినా ఆ దారిన క్రిములు లోపలికి పోతాయి. రోజూ స్నానం చేయించి చంకలు, గజ్జలు, రొమ్ము కింద మడతలు ఒకసారి చూడండి. గోళ్ల చుట్టూ చర్మం పీకే అలవాటుంటే మాన్పించండి.

ఇక తలుపు తీయండి. పిల్లలకు జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు, ఒంటిమీద పొక్కులు లేకపోతే చేతులు కడిగించి అమ్మమ్మ దగ్గరకు పంపండి. వాళ్లకు ఒంట్లో బాగోలేనప్పుడు మాత్రం రానివ్వొద్దు. ఫినాయిల్ రోజుకోసారి చాలు. అసలే వికారంతో ఉన్న మనిషికి ఆ వాసన మూడుపూటలా ఎందుకు?

తిండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కౌంట్ తగ్గినవాళ్లకు వండని పండ్లు, కూరగాయలు నిషేధించే ‘న్యూట్రోపెనిక్ డైట్’ అనేది ఎన్నో ఏళ్లు ఆసుపత్రుల్లో నడిచింది. నేనూ ఆ కాగితాలు పంచినదాన్నే. 2008లో అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు మొదటి కీమో తీసుకుంటున్న 153 మంది మీద చేసిన ఒక పరిశోధన బయటికొచ్చింది. సగం మందికి అన్నీ ఉడికించినవే ఇచ్చారు, సగం మందికి తాజా పండ్లు, కూరగాయలు కూడా ఇచ్చారు. పెద్ద ఇన్ఫెక్షన్లలోగానీ ప్రాణం నిలవడంలోగానీ ఇదీ అని చెప్పదగ్గ తేడా తేలలేదు. కాబట్టి పండు పెట్టండి. నీళ్లధార కింద రుద్ది కడిగి, తొక్క తీయగలిగినవి తీసి, అప్పటికప్పుడు కోసి పెట్టండి. మెత్తబడిందీ మచ్చపడిందీ వద్దు. సగం ఉడికిన గుడ్డు, మాంసం, కాచని పాలు వద్దు. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు. ఎముక మూలుగ మార్పిడి చేయించుకున్నవాళ్లకు మాత్రం నా మాట వర్తించదు, వాళ్లు తమ ఆసుపత్రి ఇచ్చిన జాబితాయే పాటించాలి. మీ అమ్మకు ఇప్పుడు తినకపోవడమే పెద్ద కష్టం. ఒంట్లో బలం లేకపోతే మూలుగ మాత్రం దేంతో కోలుకుంటుంది?

నాకు 58 ఏళ్లు. లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్). నాలుగు కీమోలయ్యాయి, ఇప్పటిదాకా ఏ ఇన్ఫెక్షనూ రాలేదు. నాది గట్టి శరీరం. రాసిపెట్టి ఉన్నది ఎలాగూ జరుగుతుందని నా నమ్మకం. మొన్న సాయంత్రం ఒళ్లు వెచ్చబడితే ఒక పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను, తెల్లారేసరికి తగ్గిపోయింది. మా ఆవిడ మాత్రం ఆసుపత్రికి ఫోన్ చేస్తానని ఒకటే గొడవ. చెబితే ఐదో కీమో వాయిదా వేస్తారు. వాయిదా పడితే జబ్బు తిరగబెడుతుంది. నాకున్న టెన్షనల్లా అదే. ఆవిడకు మీరైనా నచ్చజెప్పండి. — ఒక పాఠకుడు

అయ్యా, ఆవిడకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆవిడ అన్నదే రైటు.

మీకు మాత్రం ఒక సంగతి చెబుతాను. ఇది నేను ఈ పత్రికలో ఇంతవరకు రాయలేదు. మా అక్కకు అండాశయ క్యాన్సర్. కీమో నా చేతుల మీదుగానే జరిగింది. వార్డులో ప్రతి పేషెంటుకూ జ్వరం గురించి పాఠం చెప్పే నేను అక్కకు చెప్పలేదు. నర్సు అక్క కదా, తెలిసే ఉంటుందనుకున్నాను. మూడో కీమో అయిన తొమ్మిదో రోజు ఆమెకు జ్వరం తగిలింది. సరిగ్గా మీలాగే, కీమో వాయిదా వేస్తారని ఎవరికీ చెప్పకుండా టాబ్లెట్లు మింగింది. రెండు రోజులు. మూడో రోజు తెల్లవారుజామున మా బావ ఫోన్ చేసి, ‘మీ అక్క మంచం ఊగేలా వణుకుతోంది’ అన్నాడు. నేను నైట్ డ్యూటీలో ఉన్నాను.

దగ్గరలో ఉన్న చోటికి తీసుకెళితే అక్కడివాళ్లు టెంపరేచర్ చూశారు. 99. టాబ్లెట్ పనిచేస్తోంది కదా! వరుసలో కూర్చోమన్నారు. బావకు కీమో అన్న మాట చెప్పాలని తట్టలేదు, వాళ్లూ అడగలేదు. గంటన్నర తరువాత నేను వెళ్లేసరికి అక్క పెదాలు బూడిదరంగులో ఉన్నాయి, బీపీ అందడం లేదు. ఐసీయూలో నాలుగు రోజులు, తరువాత వార్డులో ఎనిమిది రోజులు. ఇంటికెళ్లి పక్క దులిపితే దిండు కింద ఖాళీ అయిన టాబ్లెట్ల షీటు దొరికింది. అక్క బతికింది, ఇప్పటికీ ఉంది. కానీ ఏ కీమో ఒక వారం వాయిదా పడుతుందని భయపడిందో అది నెల రోజులు వెనక్కి పోయింది.

మీ నాలుగు నమ్మకాలకూ విడివిడిగా జవాబు చెబుతాను.

ఇప్పటిదాకా రాలేదు కాబట్టి ఇక రాదన్నది లెక్క కాదు. ప్రతి కీమోకూ మూలుగ మళ్లీ మొదటినుంచి కోలుకోవాలి, ఒక్కోసారి ఆలస్యంగా కోలుకుంటుంది. గట్టి శరీరం అన్నారు, కండకూ న్యూట్రోఫిల్‌కూ సంబంధం లేదు. వార్డుకు నడిచొచ్చిన పహిల్వాన్లకు కూడా కౌంట్ 200కు పడిపోవడం చూశాను.

రాసిపెట్టి ఉన్నది జరుగుతుందన్నారు. మరి నాలుగు కీమోలకూ తేదీ తప్పకుండా ఎందుకు వెళ్లారు?

టాబ్లెట్ వేస్తే తగ్గింది అన్నారు. తగ్గింది థర్మామీటర్ మీది అంకె. మీకు ఒక విషయం తెలియాలి. దెబ్బ తగిలితే ఎర్రబడడం, చీము పట్టడం చూస్తాం కదా, ఆ చీములో ఎక్కువ భాగం క్రిములతో పోరాడి చచ్చిన న్యూట్రోఫిల్సే. అవే లేనప్పుడు చీము ఎలా పడుతుంది? ఊపిరితిత్తుల్లో న్యుమోనియా ఉన్నా మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, గొంతులో ఇన్ఫెక్షన్ ఉన్నా గొంతు మామూలుగా ఉండవచ్చు. కౌంట్ లేని మనిషిలో చాలాసార్లు బయటికి కనిపించే ఆనవాలు జ్వరం ఒక్కటే. మీరు టాబ్లెట్‌తో దాన్ని కూడా చెరిపేశారు. పైగా చాలామందికి లింఫోమా కీమోతోపాటు స్టెరాయిడ్ మాత్రలు కూడా ఉంటాయి, అవి తమంతట తామే జ్వరాన్ని అణచిపెడతాయి. అందుకే జ్వరం లేకపోయినా చలి, వణుకు, ఆయాసం, మూత్రం తగ్గడం, మాట తడబడడం ఉంటే అదే హడావిడితో కదలాలి.

వాయిదా సంగతి. కౌంట్ తగ్గితే డాక్టర్ ఒక వారం ఆగవచ్చు, మోతాదు సర్దవచ్చు, కౌంట్ పెంచే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. ఇవన్నీ వాళ్లు ముందే ఆలోచించి పెట్టుకున్న దారులు. రక్తమంతా విషమయ్యే సెప్సిస్ వస్తే వాళ్ల చేతిలో ఏ దారీ ఉండదు, ముందు ప్రాణం చూసుకోవాలి.

అంకెలు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. నోట్లో పెట్టి చూసినప్పుడు ఒక్కసారి 101 ఫారన్‌హీట్, అంటే 38.3 సెల్సియస్ దాటినా, 100.4 అంటే 38 దగ్గర గంటసేపు నిలిచినా కౌంట్ తగ్గిన పేషెంటుకు అది ఎమర్జెన్సీ. చాలా ఆసుపత్రులు 100.4 చూడగానే ఫోన్ చేయమంటాయి, నేనూ అదే అంటాను. వేడిగా ఏదైనా తాగి ఉంటే అరగంట ఆగి చూడండి. మలద్వారంలో థర్మామీటర్ పెట్టకూడదు. పారాసిటమాల్ ఫోన్ చేశాకే, వాళ్లు వేసుకోమంటేనే. అర్ధరాత్రయినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆసుపత్రికి వెళ్లిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలన్నది మా వార్డులో గోడ మీద రాసి ఉండేది.

ఎమర్జెన్సీలో నోరు తెరవగానే రావాల్సిన మొదటి మాట జ్వరం కాదు, ‘కీమో’. ‘కీమో పేషెంటుని, ఆఖరి కీమో ఫలానా తేదీన, జ్వరం ఇంత, టాబ్లెట్ వేసుకున్నాను లేదా వేసుకోలేదు.’ ఇది మీ ఆవిడకు కంఠతా వచ్చి ఉండాలి. మా బావకు వచ్చి ఉంటే ఆ గంటన్నర మిగిలేది. తప్పు ఆయనది కాదు, నాది.

మొన్నటి జ్వరం సంగతి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

నమస్తే మేడమ్, నేను నర్సింగ్ విద్యార్థిని. క్యాన్సర్ పేషెంట్ల ఆరోగ్య నమ్మకాలు, ఇన్ఫెక్షన్ రాకుండా తీసుకునే జాగ్రత్తల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ‘మీకు ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉందా’ అని అడిగితే అందరూ ‘చాలా ఉంది’ అని టిక్ పెడుతున్నారు. కానీ అదే మనుషులు చేతులు కడుక్కోకుండా తినడం నా కళ్లతో చూస్తున్నాను. నా ప్రశ్నాపత్రంలో లోపమా?

పైన రెండు ఉత్తరాలు చదివావా తల్లీ? ఒకరు ప్రమాదం గాలిలో కూడా ఉందనుకుని తల్లిని గదిలో పెట్టారు. ఇంకొకరు ప్రమాదం తనకు లేనే లేదనుకున్నారు. ఇద్దరూ థర్మామీటర్ పట్టుకోలేదు.

నువ్వు వాడుతున్నది హెల్త్ బిలీఫ్ మోడల్ అనుకుంటాను, అదే, మనిషి నమ్మకాలను బట్టి జాగ్రత్తలు పాటిస్తాడా లేదా అని అంచనా వేసే పద్ధతి. అది ఎలా పుట్టిందో మీ టీచర్ చెప్పే ఉంటారు. 1950ల్లో అమెరికా ప్రజారోగ్య శాఖవాళ్లు టీబీ కనిపెట్టే ఎక్స్‌రే బండ్లను జనం మధ్యకే తెచ్చినా అనుకున్నంతమంది రాలేదు. ఎందుకు రారని ఆ శాఖలోని సోషల్ సైకాలజిస్టులు వెతికారు. నాకు వస్తుందా, వస్తే ఎంత ముప్పు, చేస్తే లాభమేమిటి, చేయడానికి అడ్డేమిటి, నన్ను కదిలించినదేమిటి అనే ప్రశ్నలు అక్కడ పుట్టాయి. ‘ఇది నా వల్ల అవుతుందా’ అనే ఆరోదాన్ని 1988లో గానీ కలపలేదు. నా అనుభవంలో వార్డులో ఆ ఆరోదీ, అడ్డమేమిటన్న నాలుగోదీ మిగతా నాలుగింటినీ మింగేస్తాయి.

మా వార్డులో చేతులు కడిగే సింకు వరండా చివర ఉండేది. చేతికి సెలైన్, రెండో చేత్తో స్టాండు నెట్టుకుంటూ వాంతి వస్తున్న మనిషి అక్కడిదాకా ఎలా వెళతాడు? మేం మాత్రం ప్రతి మంచం దగ్గరా ‘చేతులు కడుక్కోండి’ అని చెప్పేవాళ్లం. వాళ్లు ‘సరే సిస్టర్’ అనేవాళ్లు. కొత్తగా వచ్చిన ఒక జూనియర్ అమ్మాయి ఎవర్నీ అడక్కుండా శానిటైజర్ సీసాలను మంచం కమ్మీలకు బ్యాండేజీ గుడ్డతో కట్టేసింది. చూడ్డానికి అసహ్యంగా ఉందని ఇన్‌ఛార్జి తిట్టింది. (ఆ ఇన్‌ఛార్జిని నేనే.) వారం తిరక్కుండా పేషెంట్లు భోజనం ప్లేటు రాగానే చెయ్యి కమ్మీ మీదికి పోనివ్వడం మొదలైంది. వాళ్ల నమ్మకం అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే, సీసా దగ్గరకొచ్చింది.

ఇక నీ ప్రశ్నాపత్రం. యూనిఫాంలో ఉన్న అమ్మాయి ఎదురుగా నిలబడి ప్రమాదం ఉందా అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. నిన్న రాత్రి భోజనానికి ముందు చేతులు ఎక్కడ కడిగారు, సబ్బు ఉందా, తువ్వాలు ఎవరిది అని అడుగు. ఇంట్లో థర్మామీటర్ ఎక్కడుంది, ఆఖరిసారి ఎప్పుడు చూశారు, ఎంత వచ్చింది అని అడుగు. చూసి చెప్పమని చేతికివ్వు. డిజిటల్ థర్మామీటర్ బటన్ ఎక్కడుందో తెలియనివాళ్లు ఎంతమందో అప్పుడు తెలుస్తుంది. ఇంకో మాట, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేస్తారని కాదు, ఏమని చెబుతారని అడుగు.

మా ఆయనకు చేతిలో పిక్ లైన్ (మందులు ఎక్కించడానికి చేతి నరంలోంచి గుండె దగ్గరిదాకా పంపే సన్నటి గొట్టం) పెట్టారు. నేను రోజంతా గ్లవ్స్ వేసుకునే తిరుగుతున్నాను, గంటగంటకూ శానిటైజర్ రాసుకుంటున్నాను. చేతులు పగిలిపోతున్నాయి. సబ్బు కంటే శానిటైజరే మంచిదంటున్నారు, నిజమేనా?

కాదు. చేతికి మురికి, జిడ్డు కనిపిస్తుంటే, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు సబ్బూ నీళ్లే. 20 సెకన్లు, బొటనవేళ్లు, గోళ్ల కింద మరచిపోకుండా. మిగతా సమయాల్లో కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ సరిపోతుంది. ఆసుపత్రిలో యాంటీబయాటిక్స్ వాడి వచ్చినవాళ్లకు క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి వల్ల విరేచనాలు పట్టుకోవచ్చు. దాని బీజాలు ఆల్కహాల్‌కు చావవు, సబ్బుతో రుద్ది నీళ్లతో వదిలించుకోవాల్సిందే.

గ్లవ్స్ రోజంతా వద్దు. ఒకే గ్లవ్‌తో తలుపు, ఫోను, గిన్నె, ఆయన చెయ్యి అన్నీ ముట్టుకుంటే అది మురికి చెయ్యితో సమానం. వాంతి, మలమూత్రాలు ఎత్తేటప్పుడు వేసుకోండి, పారేయండి, చేతులు కడుక్కోండి. కీమో అయిన మొదటి 48 గంటలు మందు వాటిలో బయటికి వస్తుంది కాబట్టి అప్పుడు తప్పనిసరి. పగిలిన చర్మంలో క్రిములు దాక్కుంటాయి, రాత్రి క్రీము రాసుకోండి.

లైన్ సంగతికొస్తే, దాన్ని తడవనివ్వొద్దు. స్నానానికి ముందు ప్లాస్టిక్‌తో చుట్టండి. ఇంటికొచ్చి లైన్‌ను ఫ్లష్ చేసే, అంటే మూసుకుపోకుండా సెలైన్‌తో కడిగే నర్సు, లైన్ మూతిని ఆల్కహాల్ ప్యాడ్‌తో 15 సెకన్లు రుద్దకుండా సిరంజి పెట్టబోతే ఆపండి. మొహమాటం వద్దు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, ప్రసవం చేసే ముందు చేతులు క్లోరిన్ ద్రావణంలో కడుక్కోండని తోటి డాక్టర్లను కట్టడి చేశాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన తల్లుల మరణాలు జూన్‌కల్లా రెండు శాతం చుట్టుపక్కలకు దిగాయి. అయినా చాలామంది డాక్టర్లు తమ చేతులు చంపుతున్నాయంటే ఒప్పుకోలేదు. మా జాతికి ఆ జబ్బు ఇంకా పూర్తిగా పోలేదు, అందుకే అడగమంటున్నాను. ఫ్లష్ చేసిన కాసేపటికి ఆయనకు చలి, వణుకు వస్తే లైన్‌లోనే ఇన్ఫెక్షన్ ఉందేమోనని అనుమానించాలి. వెంటనే బయల్దేరండి.

కౌంట్ పెంచే ఇంజెక్షన్ ఇస్తే నడుము, ఎముకలు విరిగినట్టు నొప్పి. అది ‘హీట్’ ఇంజెక్షన్, మానేసి ఇమ్యూనిటీ పెంచే పొడి వాడమని బంధువులు ఒక డబ్బా తెచ్చారు. వాడనా?

డబ్బా మూత తీయొద్దు. ఆ ఇంజెక్షన్ పేరు చాలామందికి ఫిల్‌గ్రాస్టిమ్ లేదా పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్. మూలుగను తట్టిలేపి న్యూట్రోఫిల్స్ తయారు చేయిస్తుంది. మొదటిది 1991 నుంచీ వాడుకలో ఉంది. మూలుగ ఉన్న చోటే నొప్పి వస్తుంది, అంటే నడుము, తుంటి, రొమ్ము ఎముక. మందు పనిచేసే చోటే నొప్పి తెలుస్తోందన్నమాట, వేడీ కాదు, చలవా కాదు. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. భరించలేకపోతే డాక్టరుకు చెప్పండి, కానీ జ్వరం చూడకుండా నొప్పి మాత్ర వేసుకోవద్దు. ఎందుకో పైన చదివారు. ఎడమవైపు పక్కటెముకల కింద గట్టిగా నొప్పి వస్తే మాత్రం ప్లీహం చూపించుకోవాలి, ఆగొద్దు.

మూలికల పొడుల్లో బూజు బీజాలు ఉండవచ్చు, కౌంట్ లేనప్పుడు అవి ఊపిరితిత్తుల్లో దిగితే వదిలించడం చాలా కష్టం. కొన్ని కీమో మందు పనినే తారుమారు చేస్తాయి. బతికున్న బ్యాక్టీరియా ఉండే ప్రోబయాటిక్ మాత్రలు కూడా ఈ రోజుల్లో అడక్కుండా వద్దు. బంధువుల మాట తీసేయలేకపోతే ‘డాక్టర్‌కు చూపించి వాడతాను’ అనండి. నిజంగానే చూపించండి కూడా.

మనవడికి బళ్లో చికెన్‌పాక్స్ అంటుకుంది. మూడు రోజుల కిందటి దాకా నా పక్కనే పడుకున్నాడు. నాకు కీమో నడుస్తోంది. చిన్నప్పుడు నాకు వచ్చిందో లేదో గుర్తులేదు. ఏం చేయాలి? — ఒక నాయనమ్మ

ఈ ఉత్తరం అందిన రోజునే సంపాదకవర్గం ఆమెకు ఫోన్ చేసింది, నేనూ మాట్లాడాను. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే ప్రశ్న కాదిది. మీ ఇంట్లో ఇలా జరిగినా నాకు రాయకండి, ఆసుపత్రికి ఫోన్ చేయండి. వాళ్లు చేయగలిగినవి ఉన్నాయి. ఒంట్లో యాంటీబాడీలు ఉన్నాయో లేదో రక్తపరీక్ష, లేకపోతే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ లేదా వైరస్‌ను ఆపే మాత్రలు. కానీ ఆ ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మేలు, పది రోజులు దాటితే ఇక దాని ఉపయోగం ఉండదు. పొక్కులు లేచేదాకా చూద్దాంలే అనుకోకూడదు.

టీకాల గురించి కూడా ఆమె అడిగారు. బతికున్న వైరస్‌తో చేసే టీకాలు (తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకా, ముక్కులో కొట్టే ఫ్లూ టీకా) కీమోలో ఉన్న మనిషికి వేయకూడదు. ఫ్లూ సూది మాత్రం వేయించుకోవచ్చు. వీలైతే కీమో మొదలయ్యే రెండు వారాల ముందు, కుదరకపోతే ఎప్పుడన్నది డాక్టర్ చెబుతారు. ఇంట్లోవాళ్లంతా తమ టీకాలు తప్పక వేయించుకోవాలి, పిల్లల ఎంఎంఆర్ ఆపాల్సిన పనిలేదు. నోట్లో వేసే పోలియో చుక్కల విషయంలో మాత్రం ఇంట్లో కీమో పేషెంటు ఉన్నారని పిల్లల డాక్టరుకు ముందే చెప్పండి, సూది రూపంలో వేసే టీకా ఉంది.

నాలుగో రోజు ఆ నాయనమ్మ తిరిగి ఫోన్ చేశారు. పరీక్షలో యాంటీబాడీలు ఉన్నాయట, చిన్నప్పుడెప్పుడో వచ్చిపోయినట్టుంది. మనవడు ఇంకా పక్క గదిలోనే ఉన్నాడు, పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా రాడు. తలుపు అవతల నుంచి కథ చెప్పమంటున్నాడని, గట్టిగా చెబితే తనకు దగ్గొస్తోందని, ఆ దగ్గు కూడా డాక్టరుకు చెప్పాలా అని అడిగారు. చెప్పమన్నాను.